ఎం.ఎస్. మందులు, చర్మం మీది మచ్చలు: ఏది అలర్జీ, ఏది ఆటో ఇమ్యూన్?

మా అప్ప (అక్కను మా వైపు అలాగే పిలుస్తాం) కుడి తొడ మీద గత వర్షాకాలంలో ఒక మచ్చ కనిపించింది. అరచేతిలో సగం ఉంటుంది. అంచు కాస్త ఉబ్బి, మధ్యలో పొట్టు రాలుతూ, రాత్రి నిద్ర పట్టనివ్వనంత దురద పెట్టేది. ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్, వాడుకలో ఎం.ఎస్., ఉందని తేలి నాలుగేళ్ళయింది. గ్లాటిరమెర్ అనే ఇంజక్షన్‌ను వారానికి మూడుసార్లు చర్మం కింద తనే వేసుకుంటుంది. మచ్చ వచ్చింది సూది పడే తొడ మీదే కనుక, విజయనగరంలో మేం ఎప్పుడూ వెళ్ళే మందుల షాపతను చూసీ చూడగానే ఇది ఇంజక్షన్ అలర్జీ అనీ, ముందు దాన్ని ఆపమనీ చెప్పి ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. పక్కింటి పెద్దావిడ గొంతు తగ్గించి, ‘అక్కడ స్పర్శ తెలుస్తోందా అమ్మా?’ అని అడిగింది. మా బావ ఫోనులో వెతికి, ఈ మందులు వాడేవారికి ఆటో ఇమ్యూన్ (రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే) చర్మవ్యాధులు వస్తాయని చదివి బెంబేలెత్తిపోయాడు. ముగ్గురూ మంచి కోరే మాట్లాడారు. ఆ మచ్చ విషయంలో ముగ్గురి అనుమానమూ తప్పే అయింది. ఈలోగా మా అప్ప ఆరు వారాల పాటు ఇంజక్షన్ మానేసింది. ఆ ఆరు వారాల గురించిన బాధే నన్ను ఈ విషయం లోతుగా చదివించింది.

ఎం.ఎస్.లో జరిగేది క్లుప్తంగా ఇది: మెదడులోనూ వెన్నుపాములోనూ నరాలను కరెంటు తీగ మీది తొడుగులా చుట్టి ఉండే మైలిన్ పొరను మన సొంత రక్షణ వ్యవస్థే పరాయిదని పొరబడి దెబ్బతీస్తుంది. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ జబ్బును వివరంగా వర్ణించినా, దాని నడకను మార్చగలిగిన మొదటి మందు, ఇంటర్‌ఫెరాన్ బీటా, అమెరికాలో అనుమతి పొందింది 1993లో. గ్లాటిరమెర్ 1996లో వచ్చింది. ఆ తరువాత మాత్రలు, సెలైన్ ద్వారా ఎక్కించే యాంటీబాడీలు కలిసి డజనుకు పైగా మందులు చేరాయి. ఇవన్నీ ఏదో ఒక దారిలో రక్షణ వ్యవస్థను తాకేవే. చర్మం కూడా ఆ వ్యవస్థ నిత్యం కాపలా కాసే సరిహద్దే కనుక, ఎక్కడో మెదడు కోసం వేసుకున్న మందు ప్రభావం ఒంటి మీద కనిపించడంలో వింతేమీ లేదు. అయితే ఒంటి మీద కనిపించిన ప్రతిదాన్నీ ఆటో ఇమ్యూన్ అనేయడం వల్లే చిక్కంతా వస్తోంది.

ఈ తేడా తెలియడానికి పలాస జీడిపప్పు పని చూస్తే చాలు. జీడిపిక్క పెంకులోని నూనె చేతికి అంటితే చర్మం నల్లబడి, కాలి, పొరలుగా ఊడుతుంది. అందుకే పిక్కలు కొట్టేవారు చేతులకు వేరే నూనె రాసుకుని కూర్చుంటారు. ఆ ఘాటు నూనె చర్మాన్ని నేరుగా కాల్చడం ఒక రకం. అదే నూనె కొందరికి కొద్దిగా తగిలినా ఒకటి రెండు రోజుల తరువాత చేతులు, మొహం పొంగి బొబ్బలెక్కుతాయి. వారి టి కణాలు (రక్షణ వ్యవస్థలోని ఒక రకం తెల్లరక్తకణాలు) ఆ నూనెలోని పదార్థాన్ని గుర్తుపెట్టుకుని ప్రతిసారీ ఎగబడటమే దీనికి కారణం, దీన్నే అలర్జీ అంటాం. ఈ రెండింటిలోనూ గొడవ బయటి పదార్థంతోనే కనుక, దాన్ని దూరం పెడితే చర్మం కోలుకుంటుంది. ఆటో ఇమ్యూన్‌లో గొడవ సొంత ఒంటితోనే. చర్మానికి రంగునిచ్చే కణాల మీదో, వెంట్రుక కుదురు మీదో, రక్తంలోని ప్లేట్‌లెట్ల మీదో రక్షణ వ్యవస్థ తిరగబడుతుంది. దానికి మందు ఒక నిప్పురవ్వ మాత్రమే. ఒకసారి అంటుకున్నాక మందు ఆపినా అది తన దారిన తాను సాగవచ్చు. ఎం.ఎస్. మందులతో చర్మం మీద వచ్చేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండు రకాలవే.

ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమెర్ సూది పడినచోట చర్మం కందడం, గట్టిపడటం, దురద పెట్టడం చాలామందికి ఉండేదే. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మందుతో వచ్చే కాగితాల్లో ‘ఎర్రబడుతుంది’ అని రాసి ఉంటుంది, అది తెల్లతోలు మీద కనిపించే ఎరుపు. మన చామనఛాయ మీద అదే వాపు ముదురు గోధుమరంగులోనో, వంగపండు ఛాయలోనో కనిపిస్తుంది, ఒక్కోసారి కంటికి ఆనదు కూడా. వేలి వెనుక భాగంతో తాకి చూస్తే చుట్టుపక్కల కంటే వేడిగా, బిగుతుగా ఉన్నట్టు తెలుస్తుంది. ఇంటర్‌ఫెరాన్ బీటా-1బి వేసుకునేవారిలో నూటికి నలుగురైదుగురికి సూది పడినచోట చర్మం చచ్చి, నల్లటి పెచ్చు కట్టి, పుండవుతుంది. గ్లాటిరమెర్‌తో కొందరికి నెలల తరబడి వాడాక చర్మం కింది కొవ్వు కరిగి గుంటలు పడతాయి. ఆ గుంటలు మళ్ళీ పూడవు. మా అప్ప తొడ మీద అలాంటివి రెండున్నాయి. వేలు పెడితే గోరంత లోతు దిగుతుంది. మొదటి ఏడాది నొప్పి తక్కువగా ఉందని ఒకేచోట పదేపదే వేసుకోవడం వాటికి కొంత కారణమని ఆమే చెబుతుంది. సూదిని తొడలు, పొట్ట, చేతుల వెనుక భాగం, పిరుదుల పైభాగం మధ్య తిప్పుతూ, ఒకే చోటును వారంలోపు మళ్ళీ తాకకుండా ఉండాలి. ఫ్రిజ్‌లో నుంచి తీసిన మందు గది వేడికి వచ్చేదాకా ఆగి వేసుకుంటే మంట కూడా తగ్గుతుంది. విశాఖ నుంచి ఐసు పెట్టెలో తెచ్చుకున్న మందు చెడుతుందేమోనని చల్లగా ఉండగానే గుచ్చుకునేవారు మన వైపు తక్కువేమీ కాదు.

గ్లాటిరమెర్ వేసుకున్న కొద్ది నిమిషాలకే ఛాతీ బిగబట్టి, గుండె దడదడలాడి, మొహం వేడెక్కి, కాసేపటికి దానంతటదే తగ్గిపోవడం కొందరికి జరుగుతుంది. ఇది భయపెట్టినా సాధారణంగా ప్రమాదం కాదు. అయితే చూడటానికి ఇలాగే మొదలై ఒళ్ళంతా దద్దుర్లతో, ఆయాసంతో, కళ్ళు తిరుగుతూ ముదిరేది నిజమైన తీవ్ర అలర్జీ. మొదటి డోసుకే కాక, ఏళ్ళు వాడాక కూడా అది రావచ్చని 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకు అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించింది. తగ్గుముఖం పట్టకుండా పెరుగుతోందంటే ఆలోచించకుండా దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తాలి. డైమిథైల్ ఫ్యూమరేట్ అనే ఎం.ఎస్. మాత్ర వేసుకున్న పదిమందిలో నలుగురికి మొహం, మెడ భగ్గుమని వేడెక్కుతాయి. అది రక్తనాళాలు విప్పారడం వల్ల వచ్చేదే తప్ప అలర్జీ కూడా కాదు. భోజనంతో కలిపి వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. ఈ ఫ్యూమరేట్లు మొదట వాడుకలోకి వచ్చింది సొరియాసిస్ (చర్మం మీద పొలుసులు రాలే మచ్చలు లేచే జబ్బు) కోసమే. 1959లో ష్వెకెన్‌డీక్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తన ఒంటి సొరియాసిస్ మీదే వాటిని ప్రయోగించి చూసుకున్నాడు.

ఇప్పుడు అసలైన ఆటో ఇమ్యూన్ ప్రతిచర్యలకు వద్దాం. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరస్ వచ్చినప్పుడు కణాలు మోగించే గంట లాంటి పదార్థం. ఎం.ఎస్.లో బీటా రకం ఇంటర్‌ఫెరాన్ మెదడు వైపు వెళ్ళే కణాలను అదుపు చేస్తుంది. కానీ అదే కుటుంబానికి చెందిన సంకేతాలు సొరియాసిస్ రాజుకోవడంలోనూ, లూపస్ అనే ఆటో ఇమ్యూన్ జబ్బు నడవడంలోనూ ముఖ్యపాత్ర వహిస్తాయి. అందువల్ల ఈ మందు మీద ఉన్న కొందరిలో అణగి ఉన్న సొరియాసిస్ బయటపడటం, ఎండ తగిలేచోట లూపస్ తరహా మచ్చలు లేవడం వైద్యులు చూశారు. ఒక జబ్బుకు చల్లార్చే నీళ్ళయినది ఇంకో జబ్బుకు చమురు కావడం వింతగా తోచవచ్చు. రక్షణ వ్యవస్థకు ఒకే మీట లేదు, అనేక చేతులున్నాయి, ఒకదాన్ని వెనక్కి లాగితే మరొకటి ముందుకు రావచ్చు. రిటుక్సిమాబ్, ఓక్రెలిజుమాబ్ వంటివి బి కణాలను (యాంటీబాడీలు తయారుచేసే తెల్లరక్తకణాలను) తొలగిస్తాయి. వీటిని ఎక్కించేటప్పుడు దురద, దద్దుర్లు, గొంతు గరగర రావడం మామూలే కనుక ముందుగానే స్టిరాయిడ్, అలర్జీ మందు ఇస్తారు. వీటితో అరుదుగా కొత్తగా సొరియాసిస్ మొదలైన రోగుల గురించి కూడా వైద్య పత్రికల్లో రాశారు. టి కణాల్లో కళ్ళెం పట్టే రకాన్ని కూడా తగ్గించిన డాక్లిజుమాబ్ అనే మందు చర్మానికి మరీ కష్టం తెచ్చింది. దాన్ని ఇంటర్‌ఫెరాన్‌తో పోల్చిన పెద్ద పరీక్షలో చర్మ సమస్యలు 37 శాతం మందికి వచ్చాయి, ఇంటర్‌ఫెరాన్ వాడినవారిలో అది 19 శాతం. మెదడువాపు, కాలేయం దెబ్బతినడం వంటి తీవ్ర ప్రమాదాల కారణంగా 2018 మార్చిలో దాన్ని మార్కెట్ నుంచి పూర్తిగా వెనక్కి తీసుకున్నారు.

మందు వల్ల ఆటో ఇమ్యూన్ జబ్బు ఎలా పుడుతుందో అన్నింటికంటే స్పష్టంగా చూపింది అలెంటుజుమాబ్. 1999లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఈ మందు ఇచ్చిన 27 మంది ఎం.ఎస్. రోగుల్లో 9 మందికి థైరాయిడ్ మీద కొత్తగా ఆటో ఇమ్యూన్ దాడి మొదలైందని ప్రకటించారు. ఈ మందు టి, బి కణాలను దాదాపు తుడిచిపెట్టేస్తుంది. కొన్ని నెలల్లోనే బి కణాలు మునుపటి కంటే ఎక్కువగా తిరిగివస్తాయి, వాటిని క్రమశిక్షణలో ఉంచే టి కణాలు మాత్రం పూర్తిగా కోలుకోవడానికి ఏడాదికి పైగా పడుతుంది. మిగిలిన కొద్దిపాటి టి కణాలు ఆ ఖాళీలో వేగంగా పెరుగుతాయి, వాటిలో సొంత ఒంటిని గుర్తుపట్టేవాటికి పెరిగే అవకాశం ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను పడగొట్టిన తరువాత ఆ నేలను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నీడ పోయిన ఖాళీలో ముందు లేచింది ఎవరూ నాటని కలుపే. ఈ మందు తరువాత బొల్లి, పేనుకొరుకుడు వచ్చిన రోగులూ ఉన్నారు. అవి అందాన్ని, మనసును బాధిస్తాయి గానీ ప్రాణం తీయవు. ప్రాణం తీయగలది చర్మం మీద చాలా చిన్నగా కనిపిస్తుంది: కాళ్ళ మీద గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కానివి, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయనడానికి అవి గుర్తులు. సుమారు నూటికి ఇద్దరికి వచ్చే ఈ స్థితిని గుర్తించడంలో ఆలస్యమై, తొలి పరీక్షల్లో ఒక రోగి మెదడులో రక్తస్రావంతో చనిపోయారు. అప్పటి నుంచి చివరి డోసు తరువాత కూడా 48 నెలల పాటు ప్రతినెలా రక్తం, మూత్రం పరీక్షించడం తప్పనిసరి చేశారు. మూత్రం ఎందుకంటే అరుదుగా కిడ్నీల మీద కూడా దాడి జరుగుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువై, వాటిని పసిగట్టే క్రియాటినిన్ పరీక్ష పేరు పసిపిల్లలకు కూడా తెలిసిన ఉద్దానం ప్రాంతంలో ఎవరికైనా ఈ మందు ఆలోచిస్తే, ఆ ఊరి సంగతి డాక్టరుకు ముందే చెప్పాలన్నది నా అభిప్రాయం.

ఇక పక్కింటి పెద్దావిడ అనుమానం, కుష్టు. సాలూరులో కుష్టు ఆసుపత్రి ఉన్న ప్రాంతం మనది. తెల్ల మచ్చ అనగానే కుష్టు భయం ఇక్కడ తరాలుగా ఉంది. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉండి స్పర్శ మామూలుగా ఉంటుంది. కుష్టు మచ్చ పూర్తి తెలుపు కాదు, చుట్టుపక్కల చర్మం కంటే వెలిసినట్టుండి, ఆ మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది. ఎం.ఎస్.లో కూడా తిమ్మిరి, మొద్దుబారడం ఉంటాయి కానీ అవి మచ్చ గీతల ప్రకారం నడవవు, ఒక కాలంతా, నడుము కింద భాగమంతా ఇలా ఉంటాయి. ముందే కాలు మొద్దుబారిన ఎం.ఎస్. రోగికి కాలి మీద బొల్లి వస్తే ‘స్పర్శ లేదు’ అన్న జవాబు ఎవరినైనా తప్పుదారి పట్టిస్తుంది. అటువంటప్పుడు మచ్చ మీది స్పర్శను దాని పక్క చర్మంతో పోల్చి చూడాలి. కుష్టు అయినా అది పూర్తిగా నయమయ్యేదే, మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది.

ఒక పక్క వరుసగా మంటతో నీటిపొక్కులు లేస్తే అది సర్పి, కొందరు అక్కి అంటారు. ఫింగోలిమోడ్, క్లాడ్రిబిన్, అలెంటుజుమాబ్ అనే ఎం.ఎస్. మందులు వాడేవారికి దాని ముప్పు ఎక్కువ. అది వైరస్, ఆటో ఇమ్యూన్ కాదు. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మేలు ఎక్కువ కనుక, అక్కి రాయించుకోవడానికి వెళ్ళేవారు ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఆ తరువాత తమ నమ్మకం తీర్చుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

అన్నింటిలోకీ భయపడవలసినది ఎం.ఎస్. మూలమందుల వల్ల కంటే, దానితోపాటు రాసే మందుల వల్లే ఎక్కువగా వస్తుంది. మొహంలో షాకు కొట్టినట్టుండే నొప్పికి ఇచ్చే కార్బమజపైన్ అరుదుగా స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ తెస్తుంది. మొదలుపెట్టిన ఎనిమిది వారాల లోపే, ముందు జ్వరం, గొంతునొప్పి, కళ్ళమంట, ఆ తరువాత నోట్లో పుండ్లు, ముట్టుకుంటే నొప్పెట్టే ముదురు మచ్చలు, బొబ్బలు, చివరకు చర్మం తడి కాగితంలా ఊడిరావడం. ఒక ప్రత్యేక జన్యు గుర్తు ఉన్నవారికి ఈ ముప్పు చాలా ఎక్కువని 2004లో తైవాన్ పరిశోధకులు కనిపెట్టారు, ఆసియా మూలాలున్నవారికి ఆ పరీక్ష ముందే చేయమని అమెరికా సంస్థ 2007లో సూచించింది. టెరిఫ్లునోమైడ్ అనే ఎం.ఎస్. మాత్రతో కూడా అరుదుగా ఇలా జరగవచ్చు. ఆ మాత్ర ఆపినా దాని జాడ ఒంట్లో రెండేళ్ళ దాకా ఉండగలదు కనుక దాన్ని త్వరగా బయటకు పంపే పొడి మందు వేరే ఇస్తారు. దురద పెట్టే దద్దుర్లు ఒక ఎత్తు, దురదకు బదులు నొప్పి పుట్టే మచ్చలు మరో ఎత్తు. నోట్లో, కళ్ళలో పుండ్లు తోడైతే ఆ రాత్రికి ఆగి తెల్లారాక చూద్దామనుకోకూడదు. ఆ ఒక్క సందర్భంలో మాత్రం అనుమానం ఉన్న మాత్ర తరువాతి డోసు వేసుకోకుండానే ఆసుపత్రికి బయలుదేరాలి.

నాకు అన్నింటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఇద్దరు డాక్టర్ల మధ్య ఉన్న దూరం. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలామందికి నరాల డాక్టరు విశాఖలో ఉంటారు, చర్మం డాక్టరు ఉన్న ఊళ్ళోనే. చీటీలు రెండు, ఫైళ్ళు రెండు. ఇంటర్‌ఫెరాన్ మీద ఉన్న మనిషికి సొరియాసిస్ ముదిరిందనుకోండి. తీవ్రమైన సొరియాసిస్‌కు ఇచ్చే అడలిముమాబ్, ఇటానర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. ఆ పదార్థాన్ని అడ్డుకునే లెనర్‌సెప్ట్ అనే మందును ఎం.ఎస్. రోగులకే ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 1999లో వచ్చాయి, అందులో జబ్బు తగ్గకపోగా దాడులు పెరిగాయి. అంటే ఎం.ఎస్. సంగతి చెప్పకుండా చర్మానికి వైద్యం చేయించుకుంటే, చర్మం బాగుపడి కన్నో కాలో పోగొట్టుకునే ప్రమాదం ఉంది. చర్మం డాక్టరు బల్ల మీద మొట్టమొదట పెట్టవలసింది ఎం.ఎస్. ఫైలు.

మా అప్ప మచ్చ సంగతి చివరకు శ్రీకాకుళంలో ఒక చర్మం డాక్టరు దగ్గర తేలింది. ఆమె మచ్చ అంచును బ్లేడుతో సన్నగా గీకి, ఆ పొట్టును గాజు పలక మీద వేసి, ఒక చుక్క రసాయనం కలిపి మైక్రోస్కోపులో చూపించారు. సన్నటి దారాల్లా శిలీంధ్రం కనిపించింది. తామర! ఇంజక్షన్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. షాపులో ఇచ్చిన ట్యూబులో స్టిరాయిడ్ ఉండటంతో నాలుగు రోజులు దురద తగ్గినట్టే తగ్గి, లోపల తామర మరింత పాకి, అంచులు చెరిగిపోయి, గుర్తుపట్టడానికి వీల్లేని రూపానికి వచ్చిందని ఆమె వివరించారు. మన దేశంలో ఇటువంటి కలగాపులగం క్రీములు చీటీ లేకుండా దొరకడం వల్ల ఏళ్ళ తరబడి వదలని తామరతో బాధపడేవారు లెక్కకు మించి ఉన్నారు. ఆరు వారాల శిలీంధ్ర మాత్రలతో మచ్చ పోయింది.

కానీ ఇంజక్షన్ మానేసిన అయిదో వారంలో మా అప్ప ఎడమ కంటికి చూపు మసకబారింది, కన్ను తిప్పితే నొప్పి. అది ఎం.ఎస్. దాడే. విశాఖలో అయిదు రోజులు స్టిరాయిడ్ సెలైన్ ఎక్కించాక చూపు చాలావరకు వచ్చింది గానీ, ఆ కంటికి ఎర్ర రంగు ఇప్పటికీ కాస్త వెలిసినట్టే కనిపిస్తుంది. మందు మానడం వల్లే అలా జరిగిందని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేరు, అది మానకపోయినా రావచ్చు. ఇప్పుడు ఆమె మంచం పక్కన ఒక నోటుపుస్తకం ఉంటుంది. తేదీ, సూది వేసుకున్న చోటు, ఆ నెలలో కొత్తగా మొదలుపెట్టిన ఇతర మాత్రలు, ఒంటి మీద ఏదైనా కనిపిస్తే దాని పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీసిన ఫోటో ఏ రోజుదో అందులో రాస్తుంది. విశాఖ వెళ్ళినా శ్రీకాకుళం వెళ్ళినా ఆ పుస్తకం ఒక్కటే తీసుకెళ్తుంది. మొన్న నరాల డాక్టరు దాన్ని తిరగేస్తూ, కుడి తొడకు రాసిన తేదీలు చూసి, ఆ వైపు ఇంకో మూడు నెలలు సూది వేయొద్దని అదే పేజీలో తన చేత్తో రాసి ఇచ్చారు.